తూకం చీటీ తనే లెక్క కట్టాలంటే: పీడీఎఫ్ ఫారంలో ఏ స్క్రిప్టు ఏ ఈవెంట్‌కు తగిలించాలి

ధాన్యం తూకం చీటీని కంప్యూటర్లో నింపే పీడీఎఫ్ ఫారంగా మార్చడం పెద్ద పనేం కాదు. బాక్సులు గీసి, కూడికలు తీసివేతలు రాసుకుంటే పూటలో అయిపోతుంది. తంటా అంతా దాన్ని కాటా దగ్గర వాడటం మొదలుపెట్టాక వస్తుంది. తేమ మార్చినా మొత్తం మారదు, ఇంకో బాక్సులో ఏదో కొడితే గానీ సరికాదు. బేరమాడి తగ్గించిన ధర కాసేపటికి మళ్లీ పాత అంకెకే పోతుంది. నిన్నటి చీటీ తెరిస్తే ఇవాళ్టి తేదీ చూపిస్తుంది. ఈ మూడింట్లోనూ లెక్క తప్పు లేదు. సరైన లెక్కే, నడవాల్సినప్పుడు నడవలేదు, లేదా నడవకూడనప్పుడు నడిచింది. ఫారంలో లెక్క కట్టే చిన్న ప్రోగ్రామే స్క్రిప్టు. కీ కొట్టడం, బాక్సులోంచి బయటికి రావడం లాంటి, దాన్ని లేపే సంఘటనే ఈవెంట్. అందుకే ఏ స్క్రిప్టు రాసేముందైనా అది ఏ ఈవెంట్‌కు లేవాలో తేల్చుకోవాలి.

నెల్లూరు జిల్లాలో వాడే పుట్టి (ధాన్యం కొలత) లెక్క చీటీని ఉదాహరణగా తీసుకుని, అడోబీ అక్రోబాట్ ప్రోలో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఫారం తయారుచేయడానికి ప్రో వెర్షన్ కావాలి. నింపేవాళ్లకు ఉచితంగా దొరికే రీడర్ చాలు. ఫీల్డు (అంటే బాక్సు) పేర్లు, స్క్రిప్టులోని మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాం. ఎడిటర్లో అవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. చిన్నబడి (స్మాల్), పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల తేడా కూడా పట్టింపే.

మొదట కాగితం మీద

అక్రోబాట్ తెరవకముందే ఫీల్డులను రెండు గుంపులు చేయండి. మనిషి కొట్టేవి: తేదీ, రైతు పేరు, ఫోను, రకం, బస్తాల సంఖ్య, కాటా బరువు, ఒక్కో గోనె బరువు, తేమ శాతం, పుట్టి ధర, హమాలీ, బండి బాడుగ, అడ్వాన్సు. ఫారం కట్టేవి: గోనెల బరువు, తేమ తరుగు, నికర బరువు, పుట్లు, మొత్తం విలువ, కోతలు, చేతికి వచ్చేది.

రెండో గుంపులో ప్రతిదాని పక్కన అది వేటి మీద ఆధారపడుతుందో రాయండి. గోనెల బరువుకు బస్తాలు, ఒక్కో గోనె బరువు కావాలి. తరుగుకు కాటా బరువు, గోనెల బరువు, తేమ కావాలి. నికరానికి తరుగు కావాలి, విలువకు నికరం కావాలి, చేతికి వచ్చేదానికి విలువ, కోతలు రెండూ కావాలి. ఈ వరస కాగితాన్ని పారేయకండి, తర్వాత దీంతోనే పని.

ఒక లెక్క చేత్తో కట్టి పెట్టుకోండి. వంద బస్తాలు, కాటా బరువు 7,060 కిలోలు, గోనె ఒక్కోటి 0.6 కిలో. గోనెలకు 60 పోతే 7,000. తేమ 19 శాతం. ప్రభుత్వ కొనుగోలు ప్రమాణాల్లో ధాన్యానికి తేమ పరిమితి 17 శాతం. ఆపైన ఒక్కో శాతానికి క్వింటాకు కిలో చొప్పున తరుగు అని మాట అనుకున్నారనుకుందాం. అప్పుడు 140 కిలోలు పోయి నికరం 6,860. నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి 8.070588 పుట్లు. పుట్టి 20,000 రూపాయలైతే విలువ 1,61,411.76. తరుగు లెక్క ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, మీ దగ్గర అనుకున్నదే వేయండి. తేమ 17.5 వస్తే అర శాతానికి కోయాలా వద్దా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. కాటా దగ్గర ఆ సంగతి స్క్రిప్టు తేల్చదు.

బాక్సులు

వర్డులోనో లిబ్రేఆఫీసులోనో తెలుగు శీర్షికలతో చీటీ తయారుచేసి, పీడీఎఫ్‌గా దాచి, అక్రోబాట్‌లో 'ప్రిపేర్ ఎ ఫారం'తో తెరవండి. ప్రతి బాక్సుకూ అర్థమయ్యే చిన్న పేరు పెట్టండి: గ్రాస్, బ్యాగ్స్, గన్నీ, మాయిశ్చర్, నెట్, రేట్, అమౌంట్. టెక్స్ట్1, టెక్స్ట్2 అని వదిలేస్తే నెల తర్వాత ఏది ఏదో మీకే తెలియదు. ఫారం కట్టే ఫీల్డులన్నిటికీ ప్రాపర్టీస్‌లో 'రీడ్ ఓన్లీ' టిక్ పెట్టండి.

రెండు ఫీల్డులకు ఒకే పేరు పెడితే రెండూ ఒకే విలువ చూపిస్తాయి. దీన్ని మంచికీ వాడుకోవచ్చు. పేజీ పై సగంలో రైతు ప్రతి, కింది సగంలో మిల్లు ప్రతి పెట్టి అవే ఫీల్డులు కాపీ చేస్తే, ఒకచోట కొట్టింది రెండో చోటా పడుతుంది. తెలియక కాపీ చేస్తే మాత్రం రెండో లోడు బరువు కొట్టగానే మొదటి లోడు బరువు కూడా మారిపోతుంది. వరసలుగా లోడ్లు రాయాలంటే లోడ్.0, లోడ్.1, లోడ్.2 అని చుక్క పెట్టి పేర్లు ఇవ్వండి.

ఫోను నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అంకెల్లా కనిపించినా వాటితో లెక్క కట్టేది లేదు. ఫార్మాట్ 'నన్' పెట్టండి. స్క్రిప్టులో చదవాల్సి వస్తే 'వాల్యూ' బదులు 'వాల్యూయాజ్‌స్ట్రింగ్' వాడండి. మామూలు 'వాల్యూ' అంకెలాంటిది కనబడితే దాన్ని అంకెగా మార్చేస్తుంది, దాంతో ముందున్న సున్నాలు పోతాయి. 16 అంకెలు దాటిన ఖాతా నంబరుకు చివరి అంకెలే మారిపోవచ్చు.

తేమ బాక్సులో 19 కొడితే లోపల ఏం జరుగుతుంది

ఇది కుదురుగా చదవండి, మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది. మౌస్ బాక్సు మీదికి రాగానే మౌస్ ఎంటర్. నొక్కగానే మౌస్ డౌన్, వెంటనే ఫోకస్, వేలు తీయగానే మౌస్ అప్. '1' కొట్టగానే ఒక కీస్ట్రోక్, '9' కొట్టగానే ఇంకో కీస్ట్రోక్. ఇంతవరకు ఫారానికి ఈ అంకె ఇంకా అందలేదు. ట్యాబ్ కొట్టినా, ఎంటర్ కొట్టినా, బయట ఎక్కడైనా నొక్కినా అప్పుడు ఖరారవుతుంది. ఖరారయ్యేటప్పుడు కీస్ట్రోక్ ఇంకోసారి లేస్తుంది, ఈసారి 'విల్‌కమిట్' ట్రూ అయి ఉంటుంది. ఆపైన వాలిడేట్. అది ఒప్పుకుంటే కాలిక్యులేట్. అది ఈ ఒక్క ఫీల్డుకే కాదు, కాలిక్యులేషన్ స్క్రిప్టున్న ఫీల్డులన్నిటికీ వరసగా నడుస్తుంది. తర్వాత ఫార్మాట్. అన్నీ అయ్యాక బ్లర్, అంటే బాక్సు వదిలి బయటికి రావడం.

ఇందులో రెండు సంగతులు పట్టుకోవాలి. ట్యాబ్‌తో బాక్సులోకి వచ్చినవాళ్లకు మౌస్ ఈవెంట్లు అసలు లేవవు. టెక్స్ట్ బాక్సుకు మౌస్ ఈవెంట్ల మీద పనికొచ్చే స్క్రిప్టేదీ పెట్టకండి. వేగంగా నింపే గుమాస్తా మౌస్ ముట్టుకోడు. ఇక బ్లర్ సంగతి. ఏమీ మార్చకుండా బయటికొచ్చినా అది లేస్తుంది, కాబట్టి లెక్క కట్టే చోటు అది కాదు.

ఏ పని ఎక్కడ

కీస్ట్రోక్: కొట్టేటప్పుడే అడ్డుకోవాల్సినవి ఇక్కడ. ఫార్మాట్ ట్యాబ్‌లో 'నంబర్' ఎంచుకుంటే అక్షరాలు పడనివ్వని కీస్ట్రోక్ స్క్రిప్టును అక్రోబాటే పెడుతుంది, చాలావాటికి అది సరిపోతుంది. సొంతంగా రాస్తే ఒకటి గుర్తుంచుకోండి: కొడుతుండగా 'ఈవెంట్.వాల్యూ'లో ఉండేది అప్పటిదాకా ఉన్న పాత విలువ, ఇప్పుడు కొట్టిన అక్షరం 'ఈవెంట్.ఛేంజ్'లో ఉంటుంది. బరువు పరిమితి ఇక్కడ చూస్తే 7,060 కొట్టబోయేవాణ్ని '7' దగ్గరే ఆపేస్తారు. పరిమితులు చూసే చోటు వాలిడేట్.

వాలిడేట్: ఖరారైన అంకె ఒప్పుకోవాలా వద్దా అన్నది ఇక్కడ తేలాలి. తేమకు 8 నుంచి 30 లోపు అని రేంజ్ పెడితే 1.9 గానీ 190 గానీ లోపలికి రాదు. స్క్రిప్టుతో చేస్తే 'ఈవెంట్.ఆర్‌సి'ని ఫాల్స్ చేయండి, కొత్త అంకె పోయి పాతది మిగులుతుంది. ఎందుకు తిరస్కరించారో 'యాప్.అలర్ట్'తో తెలుగులో ఒక్క ముక్క చెప్పండి. లేకపోతే కొట్టిన అంకె మాయమైందని నింపేవాళ్లు కంగారుపడతారు. బాక్సు ఖాళీ చేసినప్పుడు మాత్రం అడ్డుపడకండి. ఈ ఈవెంట్‌లో కొత్త అంకె ఉండేది 'ఈవెంట్.వాల్యూ'లో. గెట్‌ఫీల్డ్‌తో అదే ఫీల్డును అడిగితే ఇంకా పాతదే చెబుతుంది. స్క్రిప్టు ఎప్పుడూ ముందటి అంకెతో నడుస్తోందనే ఫిర్యాదుకు సగంసార్లు కారణం ఇదే.

వాలిడేట్‌కు ఇంకో పని కూడా అప్పజెప్పొచ్చు: రకం ఎంచుకోగానే ఆ వారం ధర తెచ్చి పెట్టడం. డ్రాప్‌డౌన్‌లో బీపీటీ 5204, ఎన్‌ఎల్‌ఆర్ 34449, ఎంటీయూ 1010 పెట్టారనుకోండి. చాలామంది ధర ఫీల్డు కాలిక్యులేట్‌లో 'రకం ఇదైతే ధర ఇది' అని రాస్తారు. పైపైన చూస్తే బాగానే ఉంటుంది. కానీ కాలిక్యులేట్ ఫారంలో ఏది మారినా లేస్తుంది. బేరంలో పుట్టికి రెండొందలు తగ్గించి ధర మార్చారు, తర్వాత అడ్వాన్సు కొట్టారు, ధర మళ్లీ మొదటికి పోయింది. ఎవరూ గమనించరు, చీటీ చేతికొచ్చాక గొడవ. ధర మారాల్సింది రకం మారినప్పుడు మాత్రమే. కాబట్టి ఆ స్క్రిప్టు రకం డ్రాప్‌డౌన్ వాలిడేట్‌లో ఉండాలి, అక్కడి నుంచి ధర ఫీల్డులో విలువ పెట్టాలి. డ్రాప్‌డౌన్ ఆప్షన్స్‌లో 'కమిట్ సెలెక్టెడ్ వాల్యూ ఇమీడియట్లీ' టిక్ చేయండి. లేకుంటే రకం ఎంచుకున్నా, బయట నొక్కేదాకా ఖరారు కాదు. ఎక్స్‌పోర్ట్ వాల్యూలు వేరుగా ఇవ్వకండి, కనబడే పేరే విలువగా ఉంటే తికమక ఉండదు.

కాలిక్యులేట్: ప్రతి స్క్రిప్టూ తన ఫీల్డు విలువ మాత్రమే కట్టాలి, 'ఈవెంట్.వాల్యూ'లో పెట్టి ఊరుకోవాలి. ఇక్కడి నుంచి వేరే ఫీల్డులను మారుస్తూ పోతే అవి మళ్లీ లెక్కలను లేపుతాయి, ఏది ఎందుకు మారిందో పట్టుకోలేరు. అలర్ట్‌లు కూడా ఇక్కడ వద్దు. రైతు పేరు కొట్టినా తేమ ఎక్కువైందని అరుస్తుంది.

తేమ తరుగు స్క్రిప్టు మాటల్లో ఇది: గ్రాస్, బ్యాగ్స్, గన్నీ, మాయిశ్చర్ నాలుగింట్లో ఏది ఖాళీగా ఉన్నా 'ఈవెంట్.వాల్యూ'లో ఖాళీ పెట్టు. లేకపోతే గ్రాస్‌లోంచి గోనెల బరువు తీసెయ్యి, తేమలోంచి 17 తీసెయ్యి. వచ్చింది సున్నాకన్నా తక్కువైతే సున్నా అనుకో, దీనికి 'మ్యాథ్.మ్యాక్స్' వాడు. రెండింటినీ గుణించి 100తో భాగించు. మొదటి షరతు వదిలేస్తే ఏమవుతుందంటే, తేమ కొట్టడం మరిచిపోయిన చీటీలో ఖాళీ కాస్తా సున్నా అయిపోతుంది. తరుగు లేకుండా పూర్తి విలువ పడుతుంది, చూడ్డానికి చీటీ నిండుగానే ఉంటుంది. ఖాళీ వేరు, సున్నా వేరు. నికరం, పుట్లు, విలువ, చేతికి వచ్చేది స్క్రిప్టుల్లోనూ ఇదే షరతు ఉండాలి.

కూడికలో ఇంకా పెద్ద గండం ఉంది. అడ్వాన్సు 10,000, హమాలీ ఖాళీ, బాడుగ 500. మూడింటినీ ప్లస్‌తో కలిపితే 10,500 రావాలి. కానీ ఖాళీ ఫీల్డు జావాస్క్రిప్ట్‌కు అంకె కాదు, ఖాళీ అక్షరాల వరస. మధ్యలో అది తగలగానే కూడిక ఆగి అతుకుడు మొదలవుతుంది: 10000500. కోతలు కోటీ ఐదొందలన్నమాట. చేతికి వచ్చేది మైనస్ 98 లక్షల పైచిలుకు చూపిస్తుంది. ఇంత పెద్ద తప్పయితే కంట పడుతుంది, అది మేలే. దీనికి మందు: కూడే ప్రతి ఫీల్డునూ 'నంబర్' ఫంక్షన్‌లో చుట్టండి. ఒట్టి కూడికే అయితే కాలిక్యులేట్ ట్యాబ్‌లోనే 'సమ్' ఎంచుకుని ఫీల్డులను టిక్ చేయండి, స్క్రిప్టు అక్కర్లేదు.

హమాలీ రైతుదా మిల్లుదా అని చెక్‌బాక్సు పెడితే, టిక్ లేనప్పుడు దాని విలువ 'ఆఫ్' అనే మాట. దాన్ని నేరుగా గుణించకండి. ఆఫ్ అయితే సున్నా, లేకపోతే హమాలీ అని షరతు రాయండి.

బస్తాకు సగటు బరువు చూపించాలనుకుంటే బస్తాలు ఖాళీగా ఉన్నప్పుడు సున్నాతో భాగించినట్టు అవుతుంది, విలువ ఫీల్డు ఫార్మాట్‌కు సరిపోలేదని మెసేజ్ పడుతుంది. భాగించేముందు కింది అంకె సున్నాకన్నా ఎక్కువో కాదో చూసుకోండి.

ఫార్మాట్: కనబడే తీరు మాత్రమే మారుతుంది, లోపలి విలువ కదలదు. నంబర్ ఫార్మాట్‌లో ఇచ్చే కామాలు మూడేసి అంకెలకే పడతాయి, 161,411.76 అని. 1,61,411.76 కావాలంటే కస్టమ్ ఫార్మాట్ స్క్రిప్టు రాయాలి: పైసలు పక్కన పెట్టి, రూపాయల్లో చివరి మూడంకెలు విడదీసి, మిగతావాటికి రెండేసి అంకెలకు కామా. మైనస్ గుర్తును ముందే తీసి చివర్లో కలపండి.

8.07 గొడవ

పుట్లు ఫీల్డుకు రెండు దశాంశాల ఫార్మాట్ పెడితే 8.07 కనిపిస్తుంది. రైతు ఫోన్లో 8.07ను 20,000తో గుణిస్తాడు, 1,61,400 వస్తుంది. చీటీలో 1,61,411.76 ఉంది. 11 రూపాయల 76 పైసల తేడా. ఇక్కడ ఎక్కువ పడింది కాబట్టి నవ్వుకుంటారు, ఇంకో చీటీలో తక్కువ పడుతుంది. లోపల 8.070588 ఉండటం, బయట 8.07 కనబడటం దీనికి కారణం. పుట్లను 'మ్యాథ్.రౌండ్'తో రెండు దశాంశాలకు రౌండ్ చేసి గుణిస్తే తేడా పోతుంది కానీ, ఎవరో ఒకరు నష్టపోతారు. ఇంతకన్నా మంచి దారి మన వాడుకలోనే ఉంది: '8 పుట్ల 60 కిలోలు' అని చూపించండి. నికరాన్ని 850తో భాగించి పూర్ణాంకం పుట్లు, మిగిలిన శేషం కిలోలు. విలువను మాత్రం పుట్ల ఫీల్డుతో ముడిపెట్టకుండా నికరం గుణించు ధర భాగించు 850 అని కట్టి, చివర్లో ఒక్కసారి పైసల దాకా రౌండ్ చేయండి.

లెక్కల వరస

అక్రోబాట్ ఏది దేని మీద ఆధారపడిందో తనంతట తను కనుక్కోదు. మామూలుగా ఫీల్డులు తయారైన వరసలోనే లెక్కలు నడుపుతుంది. విలువ ఫీల్డు ముందు గీసి, తరుగు తర్వాత గీశారనుకోండి. తేమ 19 చేయగానే విలువ ముందు నడుస్తుంది, అదీ పాత తరుగుతో. తర్వాత తరుగు మారుతుంది. మళ్లీ ఏదైనా కొడితే గానీ విలువ సరికాదు. ఒక అడుగు వెనకబడి నడిచే ఫారాలన్నిటికీ జబ్బు ఇక్కడే.

'ప్రిపేర్ ఎ ఫారం'లో ఉండగా 'మోర్' మెనూలో గానీ, కొత్త వెర్షన్‌లో మూడు చుక్కల మెనూలో గానీ 'సెట్ ఫీల్డ్ కాలిక్యులేషన్ ఆర్డర్' ఉంటుంది. మొదట్లో రాసిన కాగితం తీసి ఆ వరసలో పేర్చండి: గోనెల బరువు, తరుగు, నికరం, పుట్లు, విలువ, కోతలు, చేతికి వచ్చేది. ట్యాబ్ ఆర్డర్ (ట్యాబ్ కొడితే బాక్సులు మారే వరస) వేరే సంగతి, దానికీ దీనికీ పొత్తు లేదు. కొత్తగా లెక్క ఫీల్డు చేర్చినప్పుడల్లా ఈ జాబితా మళ్లీ తెరిచి చూడండి. లైవ్‌సైకిల్ డిజైనర్లో చేసిన పాత ఎక్స్‌ఎఫ్‌ఏ ఫారాలైతే ఆధారాలు తామే పట్టుకుంటాయి, అందుకే వాటికి అలవాటుపడ్డవాళ్లు ఇక్కడ తరచూ బోల్తా పడతారు.

తేదీ, కొత్త చీటీ బటన్

తేదీ నింపే ఫంక్షన్‌ను డాక్యుమెంట్ జావాస్క్రిప్ట్స్‌లో పెట్టండి, ఫారం తెరవగానే నడుస్తుంది. 'తేదీ ఖాళీగా ఉంటేనే నింపు' అనే షరతు తప్పనిసరి. లేదంటే దాచిన పాత చీటీలన్నీ తెరిచిన రోజు తేదీకి మారిపోతాయి. 'కొత్త చీటీ' బటన్‌కు మౌస్ అప్ మీద 'రీసెట్‌ఫారం' పెట్టండి. రీసెట్ అయితే తేదీ కూడా పోతుంది, ఫారం మళ్లీ తెరిచింది లేదు కనుక అది దానంతటది రాదు. బటన్ స్క్రిప్టు చివర్లో అదే తేదీ ఫంక్షన్‌ను పిలవాలి. రకాల ధరల పట్టిక కూడా డాక్యుమెంట్ స్క్రిప్టులోనే ఉంచితే వారం వారం ఒక్కచోట మార్చుకోవచ్చు.

చీటీ నంబరును ఫారం తనే వేసుకునేలా చేయమని అడుగుతారు. చేయకండి. ఆ ఫైలు రెండు కంప్యూటర్లలో ఉంటే రెండూ ఒకే నంబరు వేస్తాయి.

పరీక్ష

కంట్రోల్, జే కలిపి నొక్కితే జావాస్క్రిప్ట్ కన్సోల్ తెరుచుకుంటుంది. ప్రతి స్క్రిప్టు మొదట్లో 'కన్సోల్.ప్రింట్‌ఎల్‌ఎన్'తో ఈవెంట్ పేరు, ఫీల్డు పేరు రాయించండి. తేమ ఒక్కటి మార్చి చూస్తే ఏది ఎన్నోదిగా లేచిందో వరసగా పడుతుంది. పని అయ్యాక ఆ వరసలు తీసెయ్యండి.

తర్వాత కాగితం మీది ఉదాహరణ కొట్టండి, 1,61,411.76 రావాలి. తేమను అన్నిటికన్నా చివర మార్చండి, 17, 17.5, 19 వేసి చూడండి. తేమ ఖాళీ చేయండి, విలువ కూడా ఖాళీ కావాలి. ధర చేత్తో మార్చి, ఆపైన అడ్వాన్సు కొట్టండి, ధర నిలబడాలి. మద్దతు ధరతో ఇంకో తనిఖీ: 2025-26కు సాధారణ రకం క్వింటా 2,369 రూపాయలు, పుట్టికి 20,136.50 అవుతుంది. నికరం సరిగ్గా 850 వచ్చేట్టు అంకెలు వేసి ఆ ధర కొడితే విలువ అంతే రావాలి.

ఇక ఫోన్లు. ఫారాన్ని వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లు ఫోన్లో ఏ వ్యూయర్‌తో తెరుస్తారో మీ చేతిలో ఉండదు. కొన్ని స్క్రిప్టులను అసలు నడపవు, కొన్ని సగమే నడుపుతాయి. బాక్సులో అంకె పడుతుంది, మొత్తం మాత్రం పాతదే ఉండిపోతుంది. కాబట్టి నింపడం కాటా దగ్గరి కంప్యూటర్లోనే జరగాలి. రైతుకు పంపేది ఫారం కాదు, ప్రింట్‌లో 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఎంచుకుని తీసిన ప్రతి. అందులో ఫీల్డులుండవు, కాబట్టి అంకె మార్చడం అంత సులువు కాదు. ఆ ప్రింట్ కోసం చీటీ మీదే ఒక బటన్ పెట్టి, పేరు, బస్తాలు, తేమ, ధర నాలుగూ నిండాయో లేదో దాని మౌస్ అప్‌లో చూసి, నిండితేనే ప్రింట్ విండో తెరిపించండి.